కుడి బుగ్గ తాత, ఎడమ బుగ్గ మనవడు

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటూ వెనకటికి ఒకాయన ఊరంతా తిరిగాడట. జనం నవ్వారు. అలా నవ్వడం అన్యాయమని ప్రభుత్వం ఈమధ్యనే గ్రహించి, మూతులు చూడడానికి ఏకంగా ఒక శాఖనే పెట్టింది. దాని పేరు మూలపురుష నిర్ధారణ శాఖ.

ఏరు పుట్టుక, ఋషి పుట్టుక అడక్కూడదంటారు గానీ శాఖ పుట్టుక అడిగితే తప్పులేదు. ఒక పెద్దమనిషి విదేశీ యాత్రకు వెళ్ళి, అక్కడేదో కంపెనీకి ఉమ్మి ఇచ్చి, తన రక్తంలో కాస్త రాజవంశం కలిసిందని కాగితం తెచ్చుకున్నాడు. తిరిగొచ్చాక ఆయన కుర్చీలో కూర్చునే తీరే మారిపోయింది. ఇంతటి ఆనందం తానొక్కడే అనుభవించడం స్వార్థమనిపించి, 'ప్రతి పౌరుడికీ ఒక తాత' అనే నినాదంతో శాఖ పెట్టించాడు. అంతవరకూ జనానికి తాతలు లేరా అని ఎవరూ అడగలేదు. ఉన్నారు, కానీ వాళ్ళు నిర్ధారణ కాని తాతలు. అలాంటి తాతలతో దేశం ఎంతకాలమని నెట్టుకొస్తుంది?

శాఖ అన్నాక దానికి పని ఉండాలి. అందుకని ఒక ఉత్తర్వు తీశారు. చచ్చిపోయినవారి పేర్ల మీదే ఉండిపోయిన భూములను ఎవరైతే సాగు చేసుకుంటున్నారో, వారు ఆ చచ్చిపోయినాయన తమ మూలపురుషుడేనని రికార్డుల వల్లనూ, డీఎన్ఏ వల్లనూ ఉగాదిలోగా నిరూపించుకోవాలి. నిరూపించుకోలేని భూములు అనాథ భూములు. అనాథ భూముల్లో శాఖవారు తమ కార్యాలయ భవనాలు కట్టుకుంటారు. తాతలు లేని చోట తాతల శాఖ ఉండడం సబబే గదా.

జామివలసలో లెంక అసిరమ్మకు ఈ సంగతి వంకాయలు కోస్తుండగా తెలిసింది. ఊరి దిగువన గెడ్డ ఒడ్డున ఆమెకో చిన్న చేను ఉంది. ఆమెకు అంటే ఆమె మొగుడు జోగినాయుడికి. జోగినాయుడికి అంటే, కాగితాల్లో ఎప్పుడో పోయిన అతని తాతకి. కాపరానికొచ్చిన ఏడు ఆ చేను నిండా రాళ్ళూ తుప్పలే. రాళ్ళు ఏరిందీ, తుప్పలు కొట్టిందీ, గెడ్డ నీళ్ళు బిందెలతో మోసి తెల్ల వంగ నాటిందీ అసిరమ్మే. జోగినాయుడు మంచివాడు. గట్టు మీద కూర్చుని ఆకాశం వంక చూసి, వాన వస్తుందో రాదో చెప్పేవాడు. అదీ సేద్యంలో భాగమే అని అతని నమ్మకం. ఆ చేను పోతుందని వినగానే అసిరమ్మ కోత ఆపేసింది. గంప అక్కడే దించేసి, మొగుణ్ణి గట్టు మీంచి లేపింది.

మండల మూలపురుష కార్యాలయం పాత పశువుల ఆసుపత్రిలో పెట్టారు. గాలికుంటు వచ్చిన ఎద్దు నోరు ఎలా ఉంటుందో చూపించే పటం ఇంకా గోడ మీదే ఉంది. నోళ్ళు చూసే పనికి అది అడ్డం కాదని ఎవరూ తియ్యలేదు. ఆ పటం కింద మండల మూలపురుషాధికారి త్రివిక్రమరావు కూర్చుని ఉన్నాడు. ఆయన ఎదురుగా ఉన్న కంప్యూటరు ఏ ఊరి పాత రికార్డులనైనా నమిలి మింగి వంశవృక్షం గీసి ఇస్తుందట.

"సదరు భూమి ఎవరి పేరిట దాఖలై ఉన్నది?" అన్నాడు త్రివిక్రమరావు.

"మా పెద్దాయన పేర్న బాబూ. లెంక జోగినాయుడు. తండ్రి తవిటినాయుడు."

"క్లెయిముదారు పేరు?"

"లెంక జోగినాయుడు. తండ్రి తవిటినాయుడు," అన్నాడు జోగినాయుడు వినయంగా.

త్రివిక్రమరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. కంప్యూటరు కాసేపు గురగురమని, ఒక కాగితం కక్కింది. అందులో ఇద్దరే మనుషులున్నారు. జోగినాయుడి నుంచి తవిటినాయుడికి ఒక బాణం, తవిటినాయుడి నుంచి జోగినాయుడికి ఇంకో బాణం.

"ఇది వృక్షం కాదమ్మా," అన్నాడు ఆయన గంభీరంగా. "చక్రం."

అసిరమ్మ విడమరిచి చెప్పింది. "తాత పేరు మనవడికి ఎడతాం బాబూ. మా కాడ అందరికీ అంతే. ఎనకెప్పుడో పిల్లలు దక్కని ఇంట్లో ఓ గుంటడు పుడితే, సాటలో తవుడు పోసి ఇచ్చి కొనుక్కున్నట్టు సేసి తవిటినాయుడని పేరెట్టినారు. ఆడు బతికినాడు. ఆడి కొడుకు జోగినాయుడు. సేను ఆయన పేర్నే ఉన్నాది. ఆయన కొడుకు మా మావ తవిటినాయుడు. మా మావ కొడుకు ఈయన. ఈయన కొడుకు మల్లీ తవిటినాయుడే, తవుడంటాం, పట్నంలో ఆటో తోలతాడు. అందరూ ఏరేరు మనుసులే."

"ఆచారం అనే కాలమ్ ఇందులో లేదమ్మా. పేరు ఒకటి, తండ్రి పేరు ఒకటి, ఊరు ఒకటి, సర్వే నంబరు ఒకటి. ఇన్ని ఒకటైనప్పుడు మనిషి కూడా ఒకడే కావాలి. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెడితే ఆడిట్ వారు ఊరుకోరు."

"మరి ఆ మడిసి పోయి శానా కాలమైనాది గదా బాబూ."

"ఎదురుగా కూర్చుని ఉన్న మనిషిని పట్టుకుని పోయాడంటారేమిటి?"

జోగినాయుడు తన చేతులు ఒకసారి చూసుకున్నాడు. అసిరమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఆడంగులు కనబడరేటి బాబూ?" అంది.

"స్త్రీలకు కాలమ్ రెండో దశలో వస్తుంది. ప్రస్తుతానికి పురుషులే ఒకరినొకరు కంటున్నారు."

ఇక డీఎన్ఏ. నియమం ప్రకారం మూలపురుషుడి నమూనా ఒకటి, వారసుడి నమూనా ఒకటి తీసి రాజధానికి పంపాలి. మిగతా దరఖాస్తుల్లో మూలపురుషులు కాలి బూడిదై గెడ్డలో కలిసిపోయినందువల్ల శాఖ పని ముందుకు సాగడం లేదు. మూలపురుషుడు స్వయంగా నడిచి వచ్చిన కేసు ఇదే మొదలు. త్రివిక్రమరావు మొహం వెలిగిపోయింది. దూది చుట్టిన పుల్లలు రెండు తెప్పించాడు.

"నోరు తెరవండి. ఇది మూలపురుషుడి నమూనా," అని కుడి బుగ్గలో ఒక పుల్ల తిప్పాడు. "ఇది వారసుడి నమూనా," అని ఎడమ బుగ్గలో ఇంకోటి తిప్పాడు. రెంటినీ వేరువేరు సీసాల్లో పెట్టి, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్టముక్క కూడా పెట్టాడు. సాంకేతిక విషయాల్లో ఆయన చాలా నిక్కచ్చి మనిషి.

ఫలితం వచ్చిన రోజు శాఖలో పండగ. తండ్రీ కొడుకుల మధ్యనైనా సగానికి సగమే కలుస్తుందట. ఇక్కడ తాతకీ మనవడికీ వెంట్రుకవాసి తేడా లేకుండా నూటికి నూరు కలిసింది. ఇంతటి దగ్గర చుట్టరికం రాష్ట్రంలో ఇంతవరకూ బయటపడలేదని ప్రయోగశాల వారు అభినందనలు కూడా జతచేశారు. జోగినాయుడే జోగినాయుడని శాస్త్రం తేల్చేసింది. పాత రికార్డు ప్రకారం ఆయన వయసు నూట ముప్పై.

బడి ఆవరణలో షామియానా వేశారు. జిల్లా సంయుక్త సంచాలకురాలు కాదంబరీదేవి స్వయంగా వచ్చి శాలువా కప్పింది. "నూట ముప్పై ఏళ్ళ వయసులో కూడా తాతగారి జుట్టు సగం నల్లగానే ఉన్నదంటే, అది మన జిల్లా వాతావరణానికి దక్కిన గౌరవంగా నేను భావిస్తున్నాను," అంది మైకులో. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళకు నిజం తెలుసు. కానీ చివర్లో పులిహోర పంచుతారని కూడా తెలుసు.

"తాతగారూ, తమరి ఆయురారోగ్య రహస్యం ఏమిటి?"

జోగినాయుడు ఆలోచించాడు. "గంజి అమ్మా. పన్లు మా ఆడదే సేసేత్తాది."

"తెల్లదొరలను చూశారా?"

జోగినాయుడు పెళ్ళాం వంక చూశాడు. అబద్ధమాడితే ఇంటి దగ్గర ఏమవుతుందో ఆమె కళ్ళల్లోనే ఉంది. కానీ శాలువా మెత్తగా ఉంది. "సూసినట్టే ఉన్నాది," అన్నాడు.

తాతకు దగ్గులు నేర్పక్కర్లేదంటారు. జోగినాయుడు ఆ సాయంత్రం నుంచి తనంతట తానే దగ్గడం మొదలుపెట్టాడు. అతని కంటే పదేళ్ళు పెద్దవాడైన వరస అన్న ఎదురుపడితే, "దీవించమంటావేట్రా" అని చెయ్యి ఎత్తాడు. ఆ పెద్దమనిషి రుద్రభూమి దాకా వినబడేలా తిట్టాడు. అయినా జోగినాయుడు నొచ్చుకోలేదు. పిల్లలు అలాగే అంటారని సర్దుకున్నాడు.

అసిరమ్మ మాత్రం శాలువా వంక చూడలేదు. "పాసుపుస్తకం ఎప్పుడిత్తారు?" అని అడిగింది. వచ్చే వారం అన్నారు. సరే ఈ పిచ్చితనంతో చేను దక్కితే చాలు, మొగుడు ఎన్నేళ్ళవాడైతే నాకేం అనుకుంది. దక్కే దారి ఎంత వంకరదైనా నడవడానికి ఆమె సిద్ధం.

మూడో రోజున కొడుకు తవుడు పట్నం నుంచి బస్సు దిగాడు. ఆటో లేదు.

"ఆటో ఏదిరా?" అంది అసిరమ్మ.

"లాగేసుకున్నారే. లైసెన్సు రద్దు సేసినారు. నూట అరవై ఏళ్ళ ముసిలోడికి బండి తోలే అనుమతి లేదంట." తవుడికి నిండా ఇరవయ్యారు లేవు. అతని పెళ్ళాం నూకరత్నానికి నెలలు నిండుతున్నాయి. "ముసిలోణ్ణని బస్సు పాసు ఇచ్చినారు. ఎక్కగానే కండక్టరు లేచి సీటిచ్చినాడు. సిగ్గుతో సచ్చిపోనాను."

విషయం చక్రంలోదే. జోగినాయుడి తండ్రి తవిటినాయుడు గనక, తవిటినాయుడు ఒక్కడే గనక, తవుడు తన తండ్రికి తండ్రి.

"అయ్యా, నాను నీకు తండ్రినంట," అన్నాడు తవుడు పళ్ళు కొరుకుతూ.

"మరైతే నాను నీకు తండ్రిని కాదేటి?" అన్నాడు జోగినాయుడు కంగారుగా.

"నువ్వూ అవుతావంట."

"అయితే సరిపోనాది."

అసిరమ్మ పొయ్యి మీది కుండ దించేసింది. "మిమ్మల్ని కన్నోళ్ళు ఆ కాయితంలో లేరు గదా. మీకు మీరే కనుకున్నారు. మీకు మీరే వొండుకోండి," అని చేనికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఇంట్లో రెండు తరాల మూలపురుషులు పచ్చి మిరపకాయ నంజుకుని చద్దన్నం తిన్నారు.

పాసుపుస్తకం ఇచ్చే వారం రానే వచ్చింది. దాంతోపాటు ఆడిట్ కూడా వచ్చింది. ఆడిట్ వారు పాత చావుల రిజిస్టరు తిరగేస్తే, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే లెంక జోగినాయుడు, తండ్రి తవిటినాయుడు, జ్వరం వచ్చి పోయినట్టు దొరికింది. కాదంబరీదేవి ఈసారి శాలువా లేకుండా వచ్చింది. భార్యాభర్తలను కార్యాలయానికి పిలిపించారు.

"మీరు మరణించారు," అంది ఆమె జోగినాయుడితో. గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది. "ఆ సంగతి సన్మానానికి ముందే శాఖకు తెలియజేయవలసిన బాధ్యత మీ మీద ఉన్నది."

"నాకూ తెలీదమ్మా," అన్నాడు జోగినాయుడు.

త్రివిక్రమరావు తల పట్టుకున్నాడు. రిజిస్టరు తప్పంటే రెవెన్యూ వారు నొచ్చుకుంటారు. డీఎన్ఏ తప్పంటే శాఖనే ఎత్తెయ్యాలి. మధ్యాహ్నం దాకా అధికారులిద్దరూ తలుపులేసుకుని చర్చించి, టీలు తాగి, ఒక నిర్ణయానికి వచ్చారు. కాదంబరీదేవి నిలబడి చదివింది.

"సదరు జోగినాయుడు గారి మరణం సక్రమంగా నమోదైనది. అయితే ఏ కారణం చేతనో ఇంతవరకూ అమలు కాలేదు."

"మరి అమలు ఎప్పుడవుతాదమ్మా?" అన్నాడు జోగినాయుడు.

"ఫైలు పైకి పంపుతున్నాం. తగు ఉత్తర్వులు రాగానే తెలియజేస్తాం."

జోగినాయుడు శాలువా తీసి, మడత పెట్టి, బల్ల మీద పెట్టేశాడు. ఆ రోజు నుంచి అతను దగ్గలేదు.

అసిరమ్మకు అదేమీ పట్టలేదు. "సేను సంగతి సెప్పండి," అంది.

"నమోదైన మృతుడికి పాసుపుస్తకం ఇవ్వలేమమ్మా. కొడుకుకు ఇద్దామంటే ఆయన మృతుడి కంటే ముప్పై ఏళ్ళు పెద్ద. చట్టప్రకారం ఇది వితంతువుకు చెందాలి," అన్నాడు త్రివిక్రమరావు.

"నాకే గదా."

"మీ పేరు ఆ కాలపు రికార్డులో లేదు. జోగినాయుడి భార్యగా దాఖలైన పేరు గౌరమ్మ. ఒకే ఒక్క చోట ఉన్నది, తాలూకా కచ్చేరీకి ఇచ్చిన ఒక అర్జీలో."

గౌరమ్మ జోగినాయుడి నాయనమ్మ. ఆమె పేరు ఇంట్లో ఎవరూ పెద్దగా తలుచుకునేవారు కాదు. నోటిదురుసు మనిషని మాత్రం అత్తగారు ఒకసారి చెప్పినట్టు అసిరమ్మకు గుర్తు. అర్జీలో ఏముందో చదవమంది. త్రివిక్రమరావు విసుగ్గా చదివాడు.

"పొరుగువాని గేదె నా వంకాయ చేను మేసినది. అడుగగా ఆడదానివి నీకు చేనేమిటి అన్నాడు. చేను తవ్వినది నేను. నాటినది నేను. నీళ్ళు పోసినది నేను. గేదెను బందెలదొడ్డిలో పెట్టించవలెను."

అసిరమ్మ ఆ మాటలు మళ్ళీ చదివించుకుంది. ఆ చేలో మొదట వంగ నాటింది తానేనని ఇన్నేళ్ళూ అనుకుంది. తనకంటే ముందే అక్కడ ఒక ఆడది అదే మట్టిలో చేతులు పెట్టి, అదే మాట పడిందన్నమాట. తను కాపరానికొచ్చిన కొత్తలో, గట్టు తగాదాలో, "నీకేటి సేను" అని తననీ అన్నారు. పక్క చేను వాళ్ళదే ఆ నోరు, అప్పుడూ ఇప్పుడూను.

"ఆ గేదె సంగతి ఏటైనాది బాబూ?" అని అడిగింది.

"పరిశీలనలో ఉన్నది," అన్నాడు ఆయన కాగితం తిరగేసి చూసి. "అసలు విషయమేమిటంటే, సదరు గౌరమ్మ మరణం ఎక్కడా నమోదు కాలేదు. కావున ఆమె జీవించే ఉన్నది."

"ఆడోళ్ళు పుట్టినా సచ్చినా అప్పట్లో ఎవులు రాయించినారు బాబూ? ఆమె గాలివాన ఏడు పోయినాదంట."

"నమోదు కాని మరణం మరణం కాదు. ఉగాదిలోగా గౌరమ్మను హాజరు పరచండి. లేని పక్షంలో భూమి అనాథ."

అసిరమ్మ చేనికి వెళ్ళి కలుపు తీసింది. ఏడవాలనిపిస్తే ఆమె కలుపు తీస్తుంది. రెండు సాళ్ళు అయ్యేసరికి ఏడుపు పోయి కోపం వచ్చింది. చచ్చినవాడు బతికున్నాడంటే నమ్మారు, కొడుకు తండ్రయ్యాడంటే నమ్మారు. వీళ్ళు నమ్మనిది ఏముంది, రాళ్ళు ఏరిన చేతుల్ని తప్ప. మూడో సాలు అయ్యేసరికి కోపం కూడా పోయింది. లేచి కాళ్ళు కడుక్కుని, కొప్పు ముడేసుకుని, నేరుగా కార్యాలయానికి వెళ్ళింది.

"గౌరమ్మ హాజరు బాబూ," అంది గుమ్మంలో నిలబడి.

"ఎక్కడ?"

"నానే."

"మీరు అసిరమ్మ గదా."

"నా మొగుడి పేరేటి బాబూ?"

"జోగినాయుడు."

"గౌరమ్మ మొగుడు?"

"జోగినాయుడు."

"ఆ జోగినాయుడూ, ఈ జోగినాయుడూ ఒక్కడేనని సాలువా కప్పినోరు ఎవులు?"

"శాఖవారు," అన్నాడు త్రివిక్రమరావు. ఆయన కుర్చీలో కాస్త వెనక్కి జరిగాడు.

"అయితే ఒక్క మొగుడికి ఇద్దరు పెళ్ళాలని రాత్తారా? రాయండి. రాసి పోలీసోళ్ళకి మీరే సెప్పండి. నూట ముప్పై ఏళ్ళ మీ పెద్దాయన్ని జైల్లో ఎట్టండి."

త్రివిక్రమరావుకు చెమట పట్టింది. రాష్ట్రంలోకెల్లా మొదటి నిర్ధారిత మూలపురుషుడు ఇద్దరు భార్యల నేరం మీద జైలుకెళ్తే, పై నుంచి వచ్చే మాటలు తనే పడాలి. ఇద్దరు భార్యలు కాకూడదంటే ఒక్క భార్యే కావాలి. మొగుడు ఒకటి, ఊరు ఒకటి, చేను ఒకటి. ఆ చేలో వంకాయ కూడా ఒకటే. నియమం తనదే, తప్పించుకునే దారి లేదు.

"అయినా శాస్త్రీయ నిర్ధారణ జరగాలి గదా," అన్నాడు నీరసంగా.

అసిరమ్మ అప్పటికే ఎద్దు పటం కింద కూర్చుని నోరు తెరిచింది. "కుడి బుగ్గ గౌరమ్మది. ఎడం బుగ్గ నాది. కలిపేత్తారేమో, మజ్జిన అట్టముక్క ఎట్టుకోండి."

నూటికి నూరు కలిసింది. ప్రయోగశాల వారు మళ్ళీ అభినందించారు. ఉగాదికి ముందే పాసుపుస్తకం వచ్చింది, లెంక గౌరమ్మ పేరు మీద. అసిరమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, బియ్యం డబ్బాలో దాచింది. తన పేరు మీద రానందుకు ఆమెకు చిన్న బాధ ఉంది. కానీ చేను నాదన్న మాట మొదట అన్నది గౌరమ్మే గనక, ముందు ఆమె పేరే ఉండాలి అనుకుంది.

ఆ తర్వాత శాఖ చూపు నూకరత్నం కడుపు మీద పడింది. మనవడు పుడితే ఆచారం ప్రకారం జోగినాయుడే. అంటే ఉన్న మనిషే మళ్ళీ పుడతాడన్నమాట. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గానీ, ఇక్కడ చూలు ఉంది గనక త్రివిక్రమరావు ధైర్యంగా 'మూలపురుషుని పునరాగమన మహోత్సవం' అని బ్యానరు కట్టించేశాడు. ఊళ్ళో ఆరోగ్య కేంద్రం గేటుకి ఆ కొసా ఈ కొసా కట్టారు.

ఆడపిల్ల పుట్టింది.

బ్యానరు మడత పెట్టించి, త్రివిక్రమరావు పెన్ను తీశాడు. "పేరు?" అన్నాడు ఉత్సాహం లేకుండా.

నూకరత్నం ఏదో సీరియల్లో విన్న పేరు చెప్పబోయింది. అసిరమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నా మాట ఇను. నీకేటీ తక్కువ సెయ్యను," అంది మెల్లగా. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి చెప్పింది. "పెద్దల పేరే. లెంక గౌరమ్మ."

ఆయన పెన్ను ఆగింది. "అదే పేరుతో, అదే ఇంట్లో, అదే సర్వే నంబరుతో ఒకావిడ ఇప్పటికే ఉన్నది గదమ్మా. ఉన్న మనిషిని కొత్తగా పుట్టినట్టు ఎలా రాస్తాం? జనన ధ్రువపత్రం రాదు."

"వొద్దు బాబూ. పుట్టినాదని రాసేత్తే, రేపొద్దున్న నీ తాతెవుడో నిరూపించుకో అంటారు దాన్ని."

"మీకు తెలుసా ఏం చేస్తున్నారో? ఈ పాప వయసు నూట ఇరవై దాటిపోతుంది. బాలింత పథకం కూడా వర్తించదు."

"ముసిలోళ్ళ పింఛను వర్తించదేటి?"

త్రివిక్రమరావు నియమావళి మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. వద్దని ఎక్కడా లేదు. "లబ్ధిదారు స్వయంగా వేలిముద్ర వెయ్యాలి," అన్నాడు ఆఖరి ఆశతో.

"ఏత్తాది," అంది అసిరమ్మ. పిడికిలి బిగించి పడుకున్న పిల్ల బొటనవేలు మెల్లగా విప్పి చూపించింది. ఆ వేలికి ఇంకా గీతలు కూడా సరిగ్గా తేలలేదు. త్రివిక్రమరావు దాని వంక చాలాసేపు చూసి, ఎందుకో శాఖ మాట ఎత్తకుండా ముద్ర వేయించుకుని వెళ్ళిపోయాడు.

లెంక వారింట్లో ఆడపిల్ల పేరు మీద చేను ఉండడం అదే మొదలు. తాత ఇవ్వలేదు, తండ్రి రాయలేదు. ఆ ఇద్దరూ ఒకరినొకరు కనుకునే హడావిడిలో ఉన్నారు. పిల్ల పుట్టేసరికే చేను దానిదై ఉంది, అంతే.

పురుడు వెళ్ళాక అసిరమ్మ మనవరాల్ని చేనికి తీసుకెళ్ళి, తుమ్మకొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టింది. జోగినాయుడు గట్టు మీద కూర్చుని ఊపుతున్నాడు. మరణం అమలు కానంతవరకూ ఆ పని తనదేనని ఒప్పుకున్నాడు. ఇంతలో పక్క చేను వాళ్ళ గేదె ఎప్పటిలాగే గట్టు దాటి వచ్చి వంగమొక్క మీద మూతి పెట్టింది. దాని వెనక వాళ్ళ పెద్దకొడుకు తాపీగా వచ్చాడు.

"తోలుకో," అంది అసిరమ్మ.

"ఏటే అంత గదమాయింపు? ఈ సేను నీదేటి?" అన్నాడు అతను.

"నాది కాదు. గౌరమ్మది."

"ఎవులా గౌరమ్మ?"

అసిరమ్మ ఉయ్యాల వంక చూపించింది. "అదిగో, పడుకున్నాది. లేపమంటావేటి?"

అతను ఉయ్యాల వంకా, అసిరమ్మ చేతిలోని కొడవలి వంకా చూసి, గేదెను తోలుకుని వెళ్ళాడు.